సంజ్ఞా పరిచ్ఛేదం చదవని యంత్రం



ఇన్నాళ్ళూ ఈ పుటలో ఛందస్సు గురించో, మా నల్లగొండ పలుకుబడుల గురించో వ్రాస్తూ వచ్చినవాణ్ణి ఇవాళ ఫోర్ట్రాన్ గురించి వ్రాయబోతున్నానంటే, మీలో కంప్యూటరు ఉద్యోగాలు చేసేవారు ముసిముసిగా నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వండి. బాలవ్యాకరణం చెప్పి జీతం తీసుకున్న పండితుడికి ఈ గొడవ ఎందుకని మా ఇంట్లోనూ అడిగారు. ఈ గొడవలో ఒక ఎకరం వరి, మా మేనల్లుడి యాసంగి, నా నోటి దురుసు కలిసి ఉన్నాయి కనుక వ్రాయక తప్పడం లేదు.

మాది దేవరకొండ వైపు ఊరు. రాతినేల. పైన కొద్ది అడుగులు మొరం, దాని కింద పగుళ్ళు వారిన నల్లరాయి, ఆ కింద ఏమీ లేదు. ఆ పగుళ్ళలో చిక్కిన నీళ్ళే మా బావుల బతుకు. మా నీళ్ళలోని ఫ్లోరైడు సంగతి మీకు చెప్పనక్కరలేదు. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి సిద్దికీ అనే వైద్యుడు వ్రాశాడు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, అదొక కీర్తి! మా అక్కను ఊళ్ళోనే ఇచ్చాం. యాభై దాటకముందే ఆమె నడుము వంగిపోయింది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలో కృష్ణ నీళ్ళు తాగుతున్నది గాని, వంగిన నడుము ఏ నీళ్ళకు లేస్తుంది? తాగే నీటి సంగతి అట్లా ఒడ్డెక్కినా, సేద్యానికి మాత్రం బావి, బోరు తప్ప దిక్కు లేదు. మా భాగం పొలం కూడా మా అక్క కొడుకే చేస్తున్నాడు.

మా చిన్నమ్మాయి నీటి వనరుల చదువు చదివింది. భూగర్భజలం ఎటు కదులుతుంది, ఎంత ఇంకుతుంది, ఎంత తోడవచ్చు అనే లెక్కలు కట్టే ప్రోగ్రాము ఒకటి ఆమెకు గురువుగారి నుండి సంక్రమించింది. అది ఫోర్ట్రాన్‌లో వ్రాసినది. 1957లో ఐబీఎం వారి దగ్గర జాన్ బాకస్ బృందం తెచ్చిన భాష ఇంకా బ్రతికే ఉందా అని నేను ఆశ్చర్యపడితే, "నాన్నా, వాతావరణం లెక్కలన్నీ దాదాపు ఇందులోనే, అమెరికా భూగర్భ సర్వే వాళ్ళ మోడ్‌ఫ్లో కూడా ఇదే" అన్నది. భాషకు వయసు వస్తే చావాలని లేదని తెలుగు పండితుడికి నువ్వు చెప్పాలా అనుకున్నాను.

ఆ ప్రోగ్రాము ఒక్క ఫైలు కాదు, ముప్పైఏడు ఫైళ్ళు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మాడ్యూలు. ఈ మాడ్యూలుకు మనవాళ్ళు అంతర్జాలంలో రకరకాల పేర్లు కల్పించారు గాని, నాకు మాత్రం పరిచ్ఛేదం అన్న మాటే సరిపోయింది. ఎందుకంటారా? చిన్నయసూరి బాలవ్యాకరణంలో ముందు సంజ్ఞా పరిచ్ఛేదం, తరువాత సంధి పరిచ్ఛేదం. సరళాదేశం చెప్పాలంటే పరుషాలేవో, సరళాలేవో, ద్రుతప్రకృతికమంటే ఏమిటో ముందే తెలిసి ఉండాలి. అవన్నీ సంజ్ఞలోనే చెప్పేశాడు, సంధిలో మళ్ళీ చెప్పడు. ఫోర్ట్రాన్‌లోనూ అంతే. ఒక పరిచ్ఛేదంలో నిర్వచించిన పేర్లూ విలువలూ మరో పరిచ్ఛేదానికి కావాలంటే, దాని తలపై 'యూజ్' అని వ్రాసి ఆ పరిచ్ఛేదం పేరు చెప్పాలి. ఈ ఏర్పాటు 1990ల నాటి ఫోర్ట్రాన్ 90తో వచ్చిందట. అంతకుముందు కామన్ అనే పద్ధతిలో ప్రతి ఫైలులోనూ అదే పట్టికను తిరిగి వ్రాసుకునేవారు. ఒకచోట ఒక అంకె తేడాగా పడినా అడిగే నాథుడు లేడు. ఒకేచోట చెప్పి అందరూ అక్కడి నుంచే తీసుకోవాలనే నియమం ఎంతో మేలని నాకు తోచింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కంపైలరు ఒక మాడ్యూలును చదివినప్పుడు ఆబ్జెక్టు ఫైలుతో పాటు 'మాడ్' ఫైలు అని ఇంకొకటి వ్రాసి పెడుతుంది. ఆ మాడ్యూలులో ఏయే పేర్లున్నాయి, ఏయే విలువలున్నాయి అన్న పట్టిక అది. యూజ్ అన్న మాట కనబడగానే కంపైలరు ఆ పట్టిక తెరిచి చూస్తుంది. పట్టిక లేకపోతే ఆగిపోతుంది. అంటే సంజ్ఞను ముందు కంపైలు చేయకుండా సంధిని కంపైలు చేయడం కుదరదు. ఇది మంచిదే, తప్పు వెంటనే బయటపడుతుంది. ప్రమాదమల్లా పట్టిక ఉండి, పాతదయినప్పుడు.

ఇక్కడ మేక్ అనే రెండో పాత్ర ప్రవేశిస్తుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ చేసిన సాధనమట. ముప్పైఏడు ఫైళ్ళనూ ప్రతిసారీ మొదటి నుండీ కంపైలు చేయకుండా, మారిన వాటినే చేయించే మేస్త్రీ. దానికి ఫోర్ట్రాన్ రాదు, ఏ భాషా రాదు. దానికి తెలిసినదల్లా గడియారం. ఆబ్జెక్టు ఫైలు కంటే సోర్సు ఫైలు కొత్తదయితే మళ్ళీ కట్టిస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఏది దేనిపై ఆధారపడుతుందో మేక్‌ఫైల్ అనే కాగితంలో మనం వ్రాసి పెట్టాలి. వ్రాయకపోతే, యూజ్ అన్న మాటను అది తనంతట తాను చదవదు. నా బడిలోనూ ఇటువంటి అటెండరు ఒకరుండేవారు. చెప్పిన గదికి చెప్పిన నిమిషానికి గంట కొట్టేవాడు గాని లోపల ఏ పాఠం జరుగుతున్నదో ఆయనకు పట్టదు. తప్పు ఆయనది కాదు.

మా అమ్మాయి గురువుగారు కాగితంలో ఏం చేశారంటే, ముప్పైఏడు పేర్లనూ సరైన వరుసలో పేర్చి పెట్టారు. సంజ్ఞ మొదట, సంధి తరువాత. మొదటిసారి కట్టినప్పుడు వరుసగా కడుతుంది కనుక అన్నీ కుదురుతాయి. ఆధారాలు మాత్రం విడిగా వ్రాయలేదు. ఆ యేడు అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ కొని, ఒకేసారి నాలుగు ఫైళ్ళు కంపైలయ్యేట్టు మేక్‌కు చెప్పిందట. మాడ్ ఫైలు దొరకలేదని మొదటిసారి ఆగిపోయింది. రెండోసారి నొక్కితే సాఫీగా పోయింది. వరుస ఒక్కటే వ్రాసి ఆధారం వ్రాయకపోతే నలుగురు కూలీలు ఒకేసారి దిగినప్పుడు పునాది కంటే ముందు గోడ లేవదా? రెండోసారికి పునాది పడి ఉంది కనుక నిలబడింది. "అప్పుడే అనుమానించవలసింది నాన్నా" అని తరువాత ఎన్నిసార్లు అన్నదో!

ఇక జరిగిన కథ.

2023 అక్టోబరు, దసరా సెలవులు. రాతినేల తన పగుళ్ళలో ఎంత నీరు పట్టుకుని మనకు వదులుతుందో చెప్పే సంఖ్య ఒకటుంది, స్పెసిఫిక్ యీల్డ్ అంటారు. అమ్మాయి అంతవరకు నూటికి మూడు పాళ్ళుగా పెట్టుకున్నది. మా ఊరి బావుల్లో పంపులు నడిపి చూసిన పరీక్షల లెక్క తేలాక అది నూటికి ఒకటిన్నరేనని తేలింది. పారామ్స్ అనే సంజ్ఞా పరిచ్ఛేదంలో ఆ ఒక్క అంకె దిద్దింది. ఆ రోజే ప్రవాహం లెక్క కట్టే ఫైలులో ఏదో ముద్రణ వాక్యం కూడా సవరించింది. మేక్ నడిపింది. మారిన ఫైళ్ళు రెండు, రెండే కంపైలయ్యాయి. ప్రవాహం ఫైలు కొత్త అంకెను చదువుకున్నది. ఇంకిన నీటిని లెక్కకట్టే రీఛార్జి ఫైలును ఆమె ముట్టలేదు కనుక మేక్ కూడా ముట్టలేదు. దాని కడుపులో పాత మూడు పాళ్ళే గడ్డకట్టి ఉన్నాయి. ఇటువంటి స్థిరాంకాలను కంపైలరు ఆబ్జెక్టు ఫైలులో అక్కడికక్కడే పోత పోసేస్తుంది. తరువాత అన్నిటినీ కలిపి అతికేటప్పుడు ఎవరూ ప్రశ్నించరు.

ఇప్పుడు చూడండి. బావుల్లో నీళ్ళు పెరిగిన ఎత్తును ఆ సంఖ్యతో గుణించి, ఎంత నీరు ఇంకిందో రీఛార్జి ఫైలు చెబుతుంది. ఆ నీటిని అదే సంఖ్యతో భాగించి మట్టం ఎంత లేస్తుందో ప్రవాహం ఫైలు చెబుతుంది. మా బావిలో పెరుగుదల 3 మీటర్లు. పాత మూడు పాళ్ళతో గుణిస్తే 90 మిల్లీమీటర్ల నీరు. కొత్త ఒకటిన్నరతో భాగిస్తే 6 మీటర్ల మట్టం. రెండు చోట్లా కొత్తదే ఉంటే 45 మిల్లీమీటర్లు, 3 మీటర్లు రావాలి. ప్రోగ్రాము ఏ తప్పూ చూపలేదు, చక్కగా నడిచి 6 అని అచ్చు వేసింది. పగుళ్ళు తక్కువైతే అదే నీటికి మట్టం ఎక్కువ లేస్తుంది కదా అని అమ్మాయి కూడా సమాధానపడింది. ఆ ఆలోచనలో తప్పు లేదు, అందుకే దొరకలేదు. అబద్ధమయినా అతికినట్లుండాలంటారు. ఇది అతికింది.

"ఇంకా సరిచూడాలి నాన్నా, ఎవరికీ చెప్పకు" అన్నది. నేను చెప్పాను. ఆ సాయంత్రమే ఫోను చేసి మేనల్లుడికి, "మన బావి ఈసారి ఇరవైఆరు మెట్లు మునుగుతుందిరా, రెండెకరాల వరికి ఢోకా లేదు, కంప్యూటరు లెక్క" అని కూతురి చదువును నా మీసం మీద పెట్టుకుని మెలేశాను. ఆ యేడు ఆగస్టు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1901 నుండీ ఏ ఆగస్టులోనూ దేశంలో అంత తక్కువ వాన పడలేదు. నాకు గుర్తు రాలేదు.

నా ఓటు ఇంకా ఊళ్ళోనే ఉంది. నవంబరు 30న ఓటు వేయడానికి అమ్మాయితో కలిసి వెళ్ళాను. వేలికి సిరా చుక్కతో, అలవాటు ప్రకారం బావి దగ్గరకు పోయి నిలబడ్డాను. అది మెట్లబావి. చిన్నప్పుడు ఈత నేర్చిన చోటు. మెట్టు జానెడు ఉంటుంది. నీళ్ళు అప్పటికే దిగాయి, వానాకాలంలో ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద పాచి గీత చెబుతున్నది. లెక్కపెట్టాను, పదమూడు. మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడు మెట్లు, అంటే 3 మీటర్లు. నాకు తెలిసినంతలో ఆ బావి ఇరవైఆరు మెట్లు మునిగిన యేడు లేదు. పైగా ఆ పక్కనే రెండెకరాలకు సరిపడా నారుమడి పచ్చగా మొలిచి నవ్వుతున్నది.

అమ్మాయిని పిలిచి గీత చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది. ఏమీ అనకుండా అక్క ఇంటికి నడిచి, అరుగు మీద కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచింది. అరగంటకు, "నాన్నా, అంకె సగం చేస్తే ఇంకిన నీరూ సగం కావాలి కదా. దసరాకు ముందు 90, దసరాకు తరువాతా 90. అది మారనే లేదు" అన్నది. పాత ఆబ్జెక్టు ఫైళ్ళనూ, మాడ్ ఫైళ్ళనూ అన్నిటినీ తుడిచేసి మొదటి నుండీ కట్టింది. 45 వచ్చింది. 3 మీటర్లు వచ్చింది.

మా బావికి నీరు చేరే మేర సుమారు 27 ఎకరాలని ఆమె అంచనా. 90 మిల్లీమీటర్లయితే రెండెకరాల వరికి సరిపోతుంది, 45 అయితే ఒక్క ఎకరానికే. దీన్ని కంప్యూటరు పొరపాటుగా చూడకండి. మా వైపు రైతు యాసంగి నడుమ ఎండే పైరును చూసి తట్టుకోలేడు. అప్పు తెచ్చి బోరు వేస్తాడు. పడకపోతే ఇంకొకటి వేస్తాడు. లోతుకు పోయినకొద్దీ అప్పు పెరుగుతుంది, నీళ్ళలో విషమూ పెరుగుతుంది. ఆ కథలు మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉన్నాయి.

పొద్దుగూకి మేనల్లుడు పోలింగు దగ్గరి నుంచి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి లేచి, "బావా, నా లెక్క తప్పింది. నీళ్ళు ఒక్క ఎకరానికే" అన్నది. "చెప్పింది నేను, అది చెప్పొద్దనే అన్నది" అన్నాను నేను. వాడు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మామా, ఇరవయ్యారు మెట్లని నువ్వు ఫోన్ల జెప్పినప్పుడు నవ్వొచ్చింది. పెద్దోనివి, సదువుకున్నోనివి, ఏమనాలె? సదువుకున్న పిల్ల కాయితం జూసి జెప్పిందంటివి. నాకు తెల్వదా మన బాయి?" అన్నాడు. మరి నారెందుకు పోశావురా అంటే, "ఆశ" అన్నాడు. మా అక్క గోడకు ఆనుకుని అంతా విని, "తమ్మీ, నువ్వు బడిల పిల్లలకు గిట్లనే జెప్పినవా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మరునాడు, ఆ పైరోజు కూడా అక్కడే ఉన్నాం. ముప్పైఏడు ఫైళ్ళకూ ఆధారాలు వ్రాసిందాకా కదలనని అమ్మాయి పట్టుబట్టింది. నేను ఒక్కొక్క ఫైలు తలకట్టు చదివి యూజ్ మాటలు వినిపిస్తే, ఆమె మేక్‌ఫైల్‌లో వ్రాసేది. వాక్యం ఇట్లా ఉంటుంది:

రీఛార్జ్.ఓ : రీఛార్జ్.ఎఫ్90 పారామ్స్.ఓ

ఎడమవైపున్నది కట్టవలసినది, కుడివైపున్నవి దానికి ఆధారాలు. పారామ్స్ మళ్ళీ కంపైలయితే దాని ఆబ్జెక్టు ఫైలు కొత్తదవుతుంది, అప్పుడు రీఛార్జి కూడా తప్పక మళ్ళీ కంపైలవుతుంది. ఈ ఒక్క వాక్యం దసరాకు ముందు ఉండి ఉంటే! ఆధారంగా మాడ్ ఫైలు పేరే వ్రాయవచ్చు కదా అని నేనడిగాను. సంజ్ఞ అసలు అక్కడే ఉంది కదా. అది వేరే చిక్కట. జీఫోర్ట్రాన్ కంపైలరు మాడ్ ఫైలులోని విషయం మారకపోతే దాన్ని తిరగరాయదు, పాత తేదీతోనే వదిలేస్తుంది. మేక్ గడియారం చూసేది కనుక, ఇది ఇంకా పాతదేనని ప్రతిసారీ పని మొదలుపెడుతుంది. దానికీ ఉపాయాలున్నాయి గాని, మా ముప్పైఏడు ఫైళ్ళకు ఆబ్జెక్టు ఫైలునే ఆధారం చేస్తే చాలునన్నది. పారామ్స్‌లో వ్యాఖ్య ఒకటి దిద్దినా అన్నీ మళ్ళీ కంపైలవుతాయి, అవనీ. ఉన్నది మార్చకుండా లోపలి పని మాత్రమే మార్చుకోవడానికి ఫోర్ట్రాన్ 2008లో ఉపమాడ్యూళ్ళు వచ్చాయట. అవి పెద్ద ప్రోగ్రాములవారికి.

ఆధారాలన్నీ పాత చార్టు వెనుక బాణాలుగా గీశాను. బడి అలవాటు. బోర్ల ఫైలుకు నీటిమట్టం కావాలి, ప్రవాహానికి బోర్లు తోడే నీరు కావాలి. మట్టాల పట్టిక వేరే మూడో ఫైలులో ఉంది. దాన్ని ప్రవాహంలోకే మారిస్తే శుభ్రంగా ఉంటుందని అమ్మాయి అన్నది. బాణం గీసి చూస్తే రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకున్నాయి. "ఇది అన్యోన్యాశ్రయ దోషం, మా తర్కంలో పనికిరాదు" అన్నాను. ప్రయత్నించి చూస్తే మేక్ కూడా చక్రంగా ఉన్నదని గొణిగింది. గురువుగారు మూడో ఫైలు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమై, ఆమె దాన్ని ముట్టకుండా వదిలేసింది.

ఒక వాక్యం నేనే టైపు చేస్తానని కూర్చున్నాను. సెపరేటరు లేదని గద్దించింది. చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. చేయవలసిన పని వ్రాసే పంక్తి మొదట ట్యాబు ఉండాలట, నేను ఎనిమిది ఖాళీలు కొట్టాను. కంటికి రెండూ ఒకటే! లేఖినిలో టైపు చేసుకుంటూ, కంటికి కనబడని విభజకాక్షరం ఒకటి జారి పదం విరిగిపోతే గంటలకొద్దీ వెతుక్కున్న మనలాంటివారికి ఈ బాధ కొత్తది కాదు.

రోజూ అంతా తుడిచేసి మళ్ళీ కట్టుకుంటే ఈ తంటా లేదు కదా అని మీలో ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను. ముప్పైఏడు ఫైళ్ళకు రెండు నిమిషాలు, నిజమే, అట్లాగే చేయవలసింది అని ఒప్పుకున్నది. పెద్ద వాతావరణ ప్రోగ్రాములకు అట్లా కుదరదట. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ యూజ్ మాటలను తానే చదివి ఆధారాలు వ్రాసిపెట్టే మేక్‌డెప్‌ఎఫ్90 వంటి సాధనాలు ఎప్పటినుండో ఉన్నాయట. నల్లగొండకు తిరిగి వచ్చిన వారానికి ఆమె దాన్ని నడిపించి చూసింది. మేము రెండు రోజులు వ్రాసినది అది క్షణంలో వ్రాసింది. మేము రెండు బాణాలు వదిలేశామని కూడా తేలింది. నాకు కొంచెం చిన్నతనమైంది. ఇప్పుడు మేక్‌ఫైల్‌లో ఉన్నది అది వ్రాసినదే.

నారులో సగం మేనల్లుడు చెరువు కింది వాళ్ళకు ఇచ్చేశాడు, డబ్బు తీసుకోలేదు. విత్తనాల ఖర్చు నేనిస్తానంటే, "ఉంచుకో మామా, ఇంకో లెక్క తప్పితే పనికొస్తది" అన్నాడు. ఎకరమే నాటాడు. 2024 మార్చి చివరికి బావి అడుగు మెట్లు బయటపడ్డాయి. ఆఖరి రెండు తడులు రాత్రిపూట పంపు దగ్గర పడుకొని, నీళ్ళు ఊరినప్పుడల్లా లేచి పెట్టాడు. పంట చేతికి వచ్చింది. రెండో ఎకరంలో మేకలు మేశాయి.

ఆ చార్టు మా అక్క ఇంటి గోడకు ఇంకా ఉంది. రెండు బాణాలు లేకుండానే.